కోహా కొత్త మెషిన్‌లో పెట్టాం, డేటాబేస్ కనెక్ట్ అవడం లేదు. ఎక్కడ చూడాలి?

లైబ్రరీ_మేడం | సోమవారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీ. లైబ్రరీలో పుస్తకాలు ఇవ్వడం, తీసుకోవడం అంతా కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లోనే నడుస్తుంది. పాత సర్వర్‌లో హార్డ్ డిస్క్ చప్పుడు చేస్తోందని కొత్త డెస్క్‌టాప్ ఇచ్చారు. దాంట్లో డెబియన్ 12 లైనక్స్, మరియాడీబీ అనే డేటాబేస్ సర్వర్, కోహా వేశాం. పాత సర్వర్ పెట్టిన ఏజెన్సీ వాళ్లు "మెషిన్ మార్చేటప్పుడు" అని ఒక కాగితం రాసిపెట్టి వెళ్లారు. దాని ప్రకారమే పాతదాంట్లోంచి కాన్ఫిగ్ ఫైలు, బ్యాకప్ ఫోల్డర్ తెచ్చి కొత్తదాంట్లో వేశాం.

ఇప్పుడు స్టాఫ్ పేజీ తెరిస్తే ఇంటర్నల్ సర్వర్ ఎర్రర్ 500. మా కంప్యూటర్స్ లెక్చరర్ గారు చూసి డేటాబేస్ కనెక్షన్ ఫెయిల్ అయిందన్నారు. సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడ్డాయి, పిల్లలకి నో డ్యూస్ ఇవ్వాలి. ఎవరి దగ్గర ఏ పుస్తకం ఉందో ఈ సిస్టమ్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏ వివరం కావాలన్నా ఇస్తాను.


లైనక్స్_పాతకాపు | సోమవారం, ఉదయం 10:31

మేడం గారూ, కంగారు పడకండి, మీ డేటా ఎక్కడికీ పోలేదు. ముందు ఒక పని చేయండి. పాత మెషిన్ ఆపేసి పక్కన పెట్టండి. చప్పుడు చేసే డిస్క్‌ని ఊరికే తిప్పకూడదు, ఫార్మాట్ అసలే వద్దు. చివరి బ్యాకప్ ఫైలు ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, ఇంకో కాపీ వేరే కంప్యూటర్‌లో వేయండి. అది అయ్యాకే మిగతాది.

500 అన్నది మనకి ఏమీ చెప్పదు. అసలు మాట లాగ్‌లో ఉంటుంది. /వార్/లాగ్/కోహా లోపల మీ ఇన్‌స్టన్స్ పేరుతో, అంటే మీ కోహాకి పెట్టిన పేరుతో, ఫోల్డర్ ఉంటుంది. అందులో ఎర్రర్ లాగుల చివరి ఇరవై లైన్లు ఇక్కడ పెట్టండి. పాస్‌వర్డ్ కనిపిస్తే చెరిపేయండి.


కొత్త_డెవలపర్ | సోమవారం, ఉదయం 10:40

మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే త్వరగా అయిపోతుంది కదా మేడం? నేను ల్యాప్‌టాప్‌లో అలాగే చేస్తాను.


డీబీఏ_భాగ్యనగర్ | సోమవారం, ఉదయం 10:48

తమ్ముడూ, ల్యాప్‌టాప్‌లో ప్రాక్టీస్ డేటాబేస్ పోయినా ఎవరికీ నష్టం లేదు. ఇక్కడ ఒక కాలేజీ లైబ్రరీ రికార్డంతా ఉంది. తీసేసేటప్పుడు డేటాబేస్ ఫోల్డర్ కూడా తీసేయమంటారా అని అడుగుతుంది, అలవాటులో ఎస్ కొట్టేస్తాం. పైగా కారణం తెలియకుండా మళ్లీ వేస్తే అదే కాన్ఫిగ్, అదే డిస్క్, అదే ఎర్రర్. మేడం లాగ్ పెట్టనివ్వండి.


లైబ్రరీ_మేడం | సోమవారం, ఉదయం 11:25

బ్యాకప్ రెండు చోట్ల కాపీ చేశాను. లాగ్‌లో ఇదే లైను మళ్లీ మళ్లీ ఉంది:

డీబీఐ కనెక్ట్ ('డేటాబేస్=కోహా_లైబ్రరీ;హోస్ట్=లోకల్‌హోస్ట్;పోర్ట్=3306') ఫెయిల్డ్: కాంట్ కనెక్ట్ టు లోకల్ సర్వర్ త్రూ సాకెట్ '/రన్/మైఎస్‌క్యూఎల్‌డీ/మైఎస్‌క్యూఎల్‌డీ.సాక్' (2)


లైనక్స్_పాతకాపు | సోమవారం, ఉదయం 11:38

ఇదీ కావలసింది. ఈ లైన్లో అన్నిటికంటే విలువైనది చివర బ్రాకెట్లో ఉన్న 2. అది లైనక్స్ ఇచ్చే నంబరు, ఆ ఫైలే లేదని అర్థం. టెర్మినల్‌లో పెర్రర్ 2 అని కొడితే అదే చెబుతుంది. అక్కడ 13 ఉంటే పర్మిషన్ సమస్య. 111 ఉంటే అవతల వినేవాళ్లు లేరు.

పోర్ట్ 3306 అని ఉంది కదా, మరి సాకెట్ ఎక్కడినుంచి వచ్చింది అనుకోవచ్చు. సాకెట్ అంటే ఒకే మెషిన్‌లోని ప్రోగ్రాములు మాట్లాడుకోవడానికి వాడే ఫైలు. మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ క్లయింట్లు లైనక్స్‌లో హోస్ట్ పేరు లోకల్‌హోస్ట్ అని చూడగానే పోర్ట్‌ని పక్కన పెట్టి నేరుగా ఆ సాకెట్ ఫైలు దగ్గరికి వెళతాయి. 127.0.0.1 అని రాస్తేనే నెట్‌వర్క్ దారిలో, 3306 మీదుగా వెళతాయి. రెండూ ఒకే మెషిన్ అయినా దారులు వేరు.

సాకెట్ ఫైలు లేదంటే మరియాడీబీ నడవడం లేదనే ముందు అనుమానించాలి. ఈ రెండూ కొట్టి ఏం వచ్చిందో చెప్పండి:

సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ మరియాడీబీ
సుడో జర్నల్‌సీటీఎల్ -యు మరియాడీబీ -ఎన్ 50


ప్రవాసి_టెక్సాస్ | సోమవారం, మధ్యాహ్నం 12:05

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, నాదీ ఇలాంటిదే. క్లౌడ్‌లో ఉన్న మైఎస్‌క్యూఎల్‌కి మా యాప్ కనెక్ట్ కావడం లేదు. ఎర్రర్ 2003, బ్రాకెట్లో 110. సర్వర్ మాత్రం నడుస్తోందని డాష్‌బోర్డ్‌లో పచ్చగానే చూపిస్తోంది.


డీబీఏ_భాగ్యనగర్ | సోమవారం, మధ్యాహ్నం 12:14

110 అంటే టైమౌట్ అన్నా. 111 కి, 110 కి తేడా ఇంటి ముందు నిలబడి తలుపు కొట్టడం లాంటిది. 111 అంటే గుమ్మం దాకా వెళ్లారు, లోపల ఎవరూ లేరని వెంటనే తెలిసింది. 110 అంటే మిమ్మల్ని వీధి మొదట్లోనే ఎవరో ఆపేశారు, ఎంతసేపు నిలబడ్డా జవాబు రాదు. మీ విషయంలో ఆపింది ఫైర్‌వాలే అయి ఉంటుంది. క్లౌడ్‌లో సెక్యూరిటీ గ్రూప్, అంటే ఎవరిని రానివ్వాలో రాసిన జాబితా, చూడండి. యాప్ ఉన్న సర్వర్ నుంచి 3306 కి అనుమతి ఉందా? డేటాబేస్ ప్రైవేట్ నెట్‌వర్క్‌లో ఉండి యాప్ బయట ఉంటే కూడా ఇలాగే అవుతుంది. తొందరలో 0.0.0.0/0 అని ప్రపంచమంతటికీ తెరిచేయకండి. యాప్ సర్వర్ ఐపీ ఒక్కదానికే ఇవ్వండి.


ప్రవాసి_టెక్సాస్ | సోమవారం, మధ్యాహ్నం 12:52

సెక్యూరిటీ గ్రూపే. యాప్ సర్వర్‌ని మార్చినప్పుడు ఐపీ మారింది, గ్రూప్‌లో పాతదే ఉంది. ధన్యవాదాలు. మేడం గారి విషయం కొనసాగించండి.


లైబ్రరీ_మేడం | సోమవారం, మధ్యాహ్నం 1:20

స్టేటస్ ఎర్రగా "ఫెయిల్డ్" అని ఉంది. జర్నల్‌లో చాలా లైన్లు ఉన్నాయి, చివరి వాటిలో ఇనోడీబీ, ఎర్రర్ నంబర్ 28, "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అని ఉంది. కొత్త డిస్క్ 500 జీబీ అండీ! ఇంకా ఏమీ వేయలేదు కూడా. స్పేస్ లేకపోవడం ఏమిటి?


కొత్త_డెవలపర్ | సోమవారం, మధ్యాహ్నం 1:28

నెట్‌లో చూశాను. ఐబీ_లాగ్‌ఫైల్0, ఐబీడేటా1 అనే ఫైళ్లు డిలీట్ చేస్తే సర్వర్ స్టార్ట్ అవుతుందట.


డీబీఏ_భాగ్యనగర్ | సోమవారం, మధ్యాహ్నం 1:31

వద్దు. మేడం గారూ, దయచేసి /వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్ ఫోల్డర్‌లో ఏ ఫైలూ ముట్టుకోవద్దు.

తమ్ముడూ, నీ ఉద్దేశం మంచిదే. కానీ ఈ సలహా నెట్‌లో ఎందరి డేటానో మింగేసింది కాబట్టి వివరంగా చెబుతున్నాను. ఇనోడీబీ అంటే మరియాడీబీలో టేబుళ్లని భద్రపరిచే భాగం, ఐబీడేటా1 దాని సిస్టమ్ టేబుల్‌స్పేస్. ఏ టేబుల్ ఏ ఫైలులో ఉందో తెలిపే లోపలి లెక్కంతా అందులోనే ఉంటుంది. అది తీసేస్తే సర్వర్ ఖాళీగా కొత్తది తయారు చేసుకుని లేచి నిలబడుతుంది. లేచింది కదా అని సంతోషిస్తాం. తీరా చూస్తే టేబుల్ ఫైళ్లు డిస్క్ మీద ఉన్నా సర్వర్ వాటిని గుర్తు పట్టదు. ఐబీ_లాగ్‌ఫైల్ కూడా పేరుకి లాగ్ గానీ మనం చదివే లాగ్ కాదు. టేబుల్ ఫైళ్లలోకి ఇంకా చేరని మార్పులు అందులో ఉంటాయి. స్పేస్ లేకపోతే వేరేచోట ఖాళీ చేయాలి.


లైనక్స్_పాతకాపు | సోమవారం, మధ్యాహ్నం 1:45

భాగ్యనగర్ గారి మాటే నాదీ. మేడం, డిస్క్ 500 జీబీ అయినా అంతా ఒకే గదిగా ఉండకపోవచ్చు. డెబియన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు హోమ్, వార్, టెంప్ విడివిడి పార్టిషన్లు అనే ఆప్షన్ ఒకటి ఉంటుంది. అది ఎంచుకుంటే హోమ్‌కి సింహభాగం పోయి వార్‌కి కొద్దిగానే మిగులుతుంది. మరియాడీబీ డేటా ఉండేదేమో వార్‌లో.

డీఎఫ్ -హెచ్ అని కొట్టి /వార్ ఎదురుగా ఎంత శాతం ఉందో చూడండి. తర్వాత దాన్ని ఏది తింటోందో ఇలా తెలుస్తుంది:

సుడో డీయూ -ఎక్స్‌హెచ్ --మ్యాక్స్-డెప్త్=2 /వార్ | సార్ట్ -హెచ్

పెద్దవి చివర్లో వస్తాయి.


లైబ్రరీ_మేడం | సోమవారం, మధ్యాహ్నం 2:30

మీరన్నట్టే ఉంది. /వార్ 100%. /హోమ్ 2% కూడా నిండలేదు. చివర్లో పెద్దది /వార్/స్పూల్/కోహా. మేం తెచ్చిన బ్యాకప్ ఫోల్డర్ అదే. తెరిచి చూస్తే రోజువారీ డంప్ ఫైళ్లు (డేటాబేస్ కాపీలు) ఎప్పటివో ఉన్నాయి, అన్నీ పేర్చినట్టు.


కోహా_ఓరుగల్లు | సోమవారం, మధ్యాహ్నం 2:41

మేడం, నేనూ లైబ్రేరియన్‌నే, వరంగల్‌లో. మా దగ్గరా కోహాయే. కోహా రోజువారీ బ్యాకప్ ఆ ఫోల్డర్‌లోనే వేస్తుంది. మామూలుగా పాతవి తనే తీసేస్తుంది. మీ పాత సర్వర్‌లో ఆ సెట్టింగ్ ఎవరో మార్చి ఉంటారు, అందుకే అన్నీ మిగిలిపోయాయి.

డిలీట్ చేయకండి. మొత్తం /హోమ్ కిందకి జరపండి. అందరికంటే కొత్త ఫైలు ఏదో చూసి దాన్ని విడిగా గుర్తు పెట్టుకోండి, తర్వాత అదే కావాలి. జరిపాక డీఎఫ్ మళ్లీ చూసి మరియాడీబీ స్టార్ట్ చేయండి.


లైబ్రరీ_మేడం | సోమవారం, మధ్యాహ్నం 3:15

జరిపాను. వార్ ఇప్పుడు 31%. మరియాడీబీ పచ్చగా "యాక్టివ్ (రన్నింగ్)" అంటోంది! కానీ కోహా పేజీ మాత్రం ఇంకా 500. లాగ్‌లో ఎర్రర్ మారింది:

యాక్సెస్ డినైడ్ ఫర్ యూజర్ 'కోహా_లైబ్రరీ'@'లోకల్‌హోస్ట్' (యూజింగ్ పాస్‌వర్డ్: ఎస్)


డాకర్_తమ్ముడు | సోమవారం, మధ్యాహ్నం 3:22

యూజర్‌కి అన్ని పర్మిషన్లూ ఇచ్చేయండి మేడం. గ్రాంట్ ఆల్ ఆన్ *.* టు 'కోహా_లైబ్రరీ'@'%'. అదీ కాకపోతే కాన్ఫిగ్‌లో స్కిప్-గ్రాంట్-టేబుల్స్ పెడితే పాస్‌వర్డే అడగదు.


డీబీఏ_భాగ్యనగర్ | సోమవారం, మధ్యాహ్నం 3:36

ఆ రెండూ చేయకండి మేడం. ఎందుకో చెబుతాను.

ఎర్రర్ మారడం చాలా మంచి కబురు. ఇందాక సర్వరే లేదు. ఇప్పుడు సర్వర్ ఉంది, కోహా దాన్ని చేరింది, పాస్‌వర్డ్ ఇచ్చింది, సర్వర్ ఒప్పుకోలేదు. నంబర్ 1045. చివర "యూజింగ్ పాస్‌వర్డ్: ఎస్" అన్నది గమనించండి. నో అని ఉంటే కోహా పాస్‌వర్డ్ పంపనే లేదని అర్థం, అప్పుడు కాన్ఫిగ్ ఫైలు సరిగ్గా చదవలేదేమో చూడాలి. ఎస్ అంటే పంపింది, అది సరిపోలేదు. మామూలుగా ఇది పర్మిషన్ల సమస్య కాదు. యూజర్ లోపలికి వచ్చి, ఫలానా డేటాబేస్ వాడే హక్కు లేకపోతే వచ్చేది 1044. అసలు ఆ పేరుతో డేటాబేసే లేకపోతే 1049. ఆ కంప్యూటర్ నుంచి రావడానికే అనుమతి లేకపోతే 1130. కాబట్టి గ్రాంట్ ఆల్‌తో తీరేది కాదు.

ఇక శాతం గుర్తు పెడితే ఆ యూజర్ ఏ కంప్యూటర్ నుంచైనా రావచ్చు. *.* అంటే అన్ని డేటాబేసుల మీదా పెత్తనం. స్కిప్-గ్రాంట్-టేబుల్స్ అంటే పాస్‌వర్డ్ లేకుండా ఎవరొచ్చినా రాజే. ఈ డేటాబేస్‌లో పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసులు ఉంటాయి. ఆడపిల్లల వివరాలూ ఉంటాయి. పని అయిపోయింది కదా అని ఆ సెట్టింగ్ అలాగే వదిలేసిన సర్వర్లు నేను ఉద్యోగంలో ఎన్నో చూశాను. దయచేసి ఎవరూ ఎవరికీ ఈ సలహా ఇవ్వకండి.

ఇప్పుడు ఇది కొట్టండి:

సుడో కోహా-మైఎస్‌క్యూఎల్ లైబ్రరీ

ఇది కాన్ఫిగ్ ఫైలులో ఉన్న పాస్‌వర్డ్‌తోనే లోపలికి వెళ్లే ప్రయత్నం చేస్తుంది. దీనికీ 1045 వస్తే కోహా సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు, ఫైలులో ఉన్నదీ డేటాబేస్‌లో ఉన్నదీ వేరువేరు.


లైబ్రరీ_మేడం | సోమవారం, మధ్యాహ్నం 3:50

దానికీ 1045 వచ్చింది.


కోహా_ఓరుగల్లు | సోమవారం, మధ్యాహ్నం 3:58

అయితే దొరికినట్టే మేడం. కొత్త మెషిన్‌లో కోహా-క్రియేట్ --క్రియేట్-డీబీ కొట్టినప్పుడు అది డేటాబేస్‌లో ఒక యూజర్‌ని పెట్టి, తనంతట తానే పాస్‌వర్డ్ తయారు చేసి, రెండుచోట్లా రాస్తుంది. ఒకటి డేటాబేస్‌లో, ఒకటి /ఈటీసీ/కోహా/సైట్స్/లైబ్రరీ/కోహా-కాన్ఫ్.ఎక్స్ఎంఎల్ ఫైలులో. ఆ తర్వాత మీ కాగితంలో ఉన్నట్టు పాత ఫైలు తెచ్చి దాని మీద వేశారు. ఇప్పుడు ఫైలులో పాత పాస్‌వర్డ్, డేటాబేస్‌లో కొత్త పాస్‌వర్డ్.

అలాగని ఆ పాత ఫైలు పారేయకండి. అందులో ఎన్‌క్రిప్షన్ కీ లాంటివి ఉంటాయి, పాత డేటాకి అవి కావాలి. ఫైలు అదే ఉంచి, డేటాబేస్‌లో యూజర్ పాస్‌వర్డ్‌ని ఫైలుకి తగ్గట్టు మార్చండి. సుడో మరియాడీబీ అని లోపలికి వెళ్లండి. డెబియన్‌లో రూట్‌కి పాస్‌వర్డ్ అడగదు, సుడో ఉంటే చాలు. లోపల:

ఆల్టర్ యూజర్ 'కోహా_లైబ్రరీ'@'లోకల్‌హోస్ట్' ఐడెంటిఫైడ్ బై 'ఫైలులో ఉన్న పాస్‌వర్డ్';


లైబ్రరీ_మేడం | సోమవారం, సాయంత్రం 4:35

ఫైలులో పాస్ అనే ట్యాగ్ మధ్య ఉన్నదాన్ని అక్షరం పొల్లుపోకుండా కాపీ చేసి పెట్టాను. "క్వెరీ ఓకే" అంది. కానీ పేజీలో మళ్లీ అదే యాక్సెస్ డినైడ్. కోహా-కామన్, మెమ్‌క్యాష్‌డీ, అపాచీ అన్నీ రీస్టార్ట్ చేశాను. ఇప్పుడేం చేయాలో తోచడం లేదు.


లైనక్స్_పాతకాపు | సోమవారం, సాయంత్రం 4:42

పాస్‌వర్డ్ ఇక్కడ రాయకండి. దాంట్లో అక్షరాలు, అంకెలు కాకుండా వేరే గుర్తులు ఏమైనా ఉన్నాయా? అంత వరకే చెప్పండి.


లైబ్రరీ_మేడం | సోమవారం, సాయంత్రం 4:47

మధ్యలో &ఏఎంపీ; అని ఉంది.


లైనక్స్_పాతకాపు | సోమవారం, సాయంత్రం 4:55

అదే! ఎక్స్ఎంఎల్ ఫైలులో ఆంపర్‌శాండ్ గుర్తుని ఉత్తినే రాయకూడదు, రాస్తే ఫైలు చదవడమే కుదరదు. అందుకని ఆ గుర్తు బదులు ఆ అయిదు అక్షరాలు రాస్తారు. కోహా ఫైలు చదివేటప్పుడు ఆ అయిదింటినీ తిరిగి ఒక్క & గా మార్చుకుని డేటాబేస్‌కి పంపుతుంది. మీరు డేటాబేస్‌లో అయిదు అక్షరాలూ ఉన్నవి ఉన్నట్టు పెట్టారు. కోహా పంపేది ఒకటి, అక్కడున్నది ఇంకొకటి. మీరు శ్రద్ధగా కాపీ చేశారు గనకే ఇలా అయింది. పాత పాస్‌వర్డ్‌లో అలాంటి గుర్తు పెట్టినవాళ్లు ఆ సంగతి కాగితంలో రాసి ఉండాల్సింది.

ఇలాంటి చోట్ల గుర్తుల జోలికి పోకపోవడమే మేలు. ఒక్కో ఫైలుకి ఒక్కో పేచీ ఉంటుంది. ఎక్స్ఎంఎల్‌లో & తోనూ < తోనూ. డేటాబేస్ అడ్రస్ మొత్తం ఒకే లైన్లో రాసే సాఫ్ట్‌వేర్లలో పాస్‌వర్డ్‌లో @ ఉంటే %40 అని రాయాలి, లేకపోతే దాని తర్వాతిదంతా హోస్ట్ పేరు అనుకుంటుంది. కొన్ని కాన్ఫిగ్ ఫైళ్లలో # రాగానే మిగతాదంతా వ్యాఖ్య అనుకుని వదిలేస్తుంది.

కాబట్టి కొత్త పాస్‌వర్డ్ ఒకటి పెట్టుకోండి. అక్షరాలు, అంకెలు మాత్రమే, పొడవుగా, పాతిక దాకా ఉండనివ్వండి. పొడవు ఉంటే గుర్తులు లేకపోయినా గట్టిగానే ఉంటుంది. అదే ఫైలులో, అదే ఆల్టర్ యూజర్‌లో. ఫైలు మార్చే ముందు ఒక కాపీ తీసుకోండి. తర్వాత మళ్లీ రీస్టార్ట్.


డాకర్_తమ్ముడు | సోమవారం, సాయంత్రం 5:02

పాతకాపు అన్నా, ఇది చదివాక నా సమస్య అర్థమైంది. డాకర్ కంపోజ్ ఫైలులో (కంటెయినర్ల సెట్టింగులు రాసే ఫైలు) నా పాస్‌వర్డ్‌లో డాలర్ గుర్తు ఉంది. దాని తర్వాతి భాగం మాయమవుతోంది. భాగ్యనగర్ గారూ, శాతం గుర్తు సంగతి కూడా అర్థమైంది, ఇకపై చెప్పను.

ఇంకొకటి కూడా అడుగుతాను. కంపోజ్‌లో మైఎస్‌క్యూఎల్ రూట్ పాస్‌వర్డ్ మార్చి కంటెయినర్ తీసేసి మళ్లీ లేపినా పాత పాస్‌వర్డే పనిచేస్తోంది. ఎందుకు?


డీబీఏ_భాగ్యనగర్ | సోమవారం, సాయంత్రం 5:15

మంచిది తమ్ముడూ. కంపోజ్‌లో డాలర్ గుర్తు వేరియబుల్‌కి మొదలు. అసలు డాలరే కావాలంటే రెండుసార్లు రాయాలి.

పాస్‌వర్డ్ మారకపోవడానికి కారణం వాల్యూమ్, అంటే కంటెయినర్ తీసేసినా డేటా మిగిలి ఉండే చోటు. ఆ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని ఇమేజ్ మొదటిసారి, డేటా ఫోల్డర్ ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే చూస్తుంది. వాల్యూమ్‌లో డేటా ఉంటే దాని వైపు కన్నెత్తి చూడదు. లోపలికి వెళ్లి ఆల్టర్ యూజర్‌తోనే మార్చాలి.

నీకు రాబోయే ఇంకో రెండు కూడా ఇప్పుడే చెబుతాను. యాప్ కంటెయినర్‌లో హోస్ట్ లోకల్‌హోస్ట్ అని పెట్టకు. కంటెయినర్‌లో లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటెయినరే, డేటాబేస్ ఉన్నది వేరే దాంట్లో. కంపోజ్‌లో ఆ సర్వీస్‌కి ఇచ్చిన పేరే హోస్ట్ పేరు. అలాగే డిపెండ్స్-ఆన్ అని రాసినంత మాత్రాన డేటాబేస్ సిద్ధమయ్యేదాకా యాప్ ఆగదు. కంటెయినర్ మొదలైతే చాలనుకుంటుంది. హెల్త్‌చెక్ పెట్టి, సర్వీస్ హెల్దీ అయ్యాకే మొదలుకమ్మని షరతు రాయాలి. లేకపోతే మొదటిసారి 111 వచ్చి రెండోసారి పనిచేస్తుంది, కారణం తెలియక తల బద్దలవుతుంది.


నిర్వాహకుడు | సోమవారం, సాయంత్రం 5:20

డాకర్ ప్రశ్నలు ఇంకా ఉంటే దయచేసి వేరే చర్చ మొదలుపెట్టండి. ఇక్కడ మేడం గారి పని పూర్తి కానిద్దాం.


లైబ్రరీ_మేడం | సోమవారం, సాయంత్రం 5:48

వచ్చింది! వచ్చిందండీ! 500 పోయింది. అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇప్పుడు వెబ్ ఇన్‌స్టాలర్ అని ఒక పేజీ వచ్చి యూజర్, పాస్‌వర్డ్ అడుగుతోంది. నెక్స్ట్ నెక్స్ట్ కొట్టుకుంటూ వెళ్లమంటారా?


కోహా_ఓరుగల్లు | సోమవారం, సాయంత్రం 5:53

ఆగండి మేడం, కొట్టకండి! ఇన్‌స్టాలర్ వచ్చిందంటే డేటాబేస్ ఖాళీగా ఉందని. మీకు కావలసింది పాత డేటా. ఆ పేజీ మూసేసి, ఇందాక గుర్తు పెట్టుకున్న కొత్త డంప్ ఫైలు లోడ్ చేయాలి. జిప్ విప్పి:

సుడో కోహా-మైఎస్‌క్యూఎల్ లైబ్రరీ --డీఫాల్ట్-క్యారెక్టర్-సెట్=యూటీఎఫ్8ఎంబీ4 < డంప్.ఎస్‌క్యూఎల్

అది అయ్యాక కోహా-అప్‌గ్రేడ్-స్కీమా లైబ్రరీ. పాత కోహా వెర్షన్‌కీ కొత్తదానికీ టేబుళ్లలో తేడాలుంటాయి, అది సరిచేస్తుంది. చివరగా కోహా-రీబిల్డ్-జీబ్రా -ఎఫ్ -వి లైబ్రరీ. జీబ్రా అంటే కోహాలో వెతికిపెట్టే భాగం, ఇది దాని సూచికని మళ్లీ తయారు చేస్తుంది. ఇది చేయకపోతే పుస్తకాలన్నీ ఉన్నా వెతికితే ఒక్కటీ దొరకదు, మళ్లీ గుండె ఆగినంత పనవుతుంది. జిప్ విప్పే ఫైలు హోమ్‌లోనే పెట్టండి, వార్‌లో వద్దు.

క్యారెక్టర్ సెట్ ఎందుకు రాయమన్నానంటే మన తెలుగు పేర్ల కోసం. మొదటిసారి మా దగ్గర డేటా మార్చినప్పుడు ఇంగ్లీషు పుస్తకాలన్నీ బాగానే వచ్చాయి, తెలుగు పేర్లు మాత్రం అడ్డదిడ్డంగా వచ్చాయి. ఎవరూ తెలుగు విభాగం చూడలేదు, తెలుగు మేష్టారు వచ్చి అడిగితే గానీ తెలియలేదు.


డీబీఏ_భాగ్యనగర్ | సోమవారం, సాయంత్రం 6:10

ఓరుగల్లు గారు మంచి విషయం ఎత్తారు. లోడ్ అయ్యాక కొన్ని తెలుగు పేర్లు తెరిచి చూడండి. ఇంగ్లీషు అక్షరాల మీద గీతలు, టోపీలు పెట్టినట్టు పిచ్చి గుర్తులు వస్తే భయపడక్కర్లేదు, బైట్లు ఉన్నాయి, అర్థం చేసుకునే తీరు తప్పింది, వెనక్కి తేవచ్చు. ప్రశ్నార్థకాలు వస్తే మాత్రం వెంటనే ఆపండి. అక్కడ అక్షరం పోయి ప్రశ్నార్థకమే నిల్వ అయి ఉండొచ్చు. అదే నిజమైతే డంప్ నుంచి మళ్లీ లోడ్ చేయడమే దారి.

కళ్లతో చూసింది నమ్మకం లేకపోతే బిబ్లియో టేబుల్‌లో టైటిల్‌ని హెక్స్ ఫంక్షన్‌తో చూడండి. యూటీఎఫ్-8 లో తెలుగు అక్షరం మూడు బైట్లు. మొదటి బైటు ఈ0, రెండోది బీ0 గానీ బీ1 గానీ ఉండాలి. వరసగా 3ఎఫ్, 3ఎఫ్ అని కనిపిస్తే అవి ప్రశ్నార్థకాలు. సీ3ఏ0 తో మొదలైతే రెండుసార్లు ఎన్‌కోడ్ అయింది.


కొత్త_డెవలపర్ | సోమవారం, సాయంత్రం 6:30

ఇంత తతంగం పడే బదులు కాలేజీ డబ్బు పెట్టి ఏదైనా సాఫ్ట్‌వేర్ కొనుక్కోవచ్చు కదా అని అడగాలనిపించింది. తప్పుగా అనుకోకండి, తెలుసుకుందామని.


కోహా_ఓరుగల్లు | సోమవారం, సాయంత్రం 6:44

అడగడంలో తప్పేముంది. గాంధీనగర్ ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల సోల్ అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఉంది, ఎన్ఐసీ వాళ్ల ఈ-గ్రంథాలయ ఉంది, చాలా కాలేజీలు అవి వాడతాయి. కోహాని న్యూజిలాండ్‌లో హోరోవెనువా అనే చిన్న ప్రాంతపు లైబ్రరీ ట్రస్టు చేయించుకుంది. వాళ్ల పాత సిస్టమ్ 2000 సంవత్సరాన్ని తట్టుకోలేదని తెలిసి చేయించుకున్నారు, 2000 జనవరిలో వాడకంలోకి వచ్చింది. అప్పుడే అందరికీ ఉచితంగా సోర్స్‌తో సహా ఇచ్చేశారు. డేటా మన చేతిలో, మన మెషిన్‌లో ఉంటుంది. ఇప్పుడు చూడు, మేడం డంప్ ఫైలు ఒక్కటి ఉంటే చాలు, ఎవరి అనుమతీ అడగకుండా వేరే మెషిన్‌లోకి వెళ్లిపోతున్నారు. నాకు అదే నచ్చుతుంది.

అయితే మూసేసిన సాఫ్ట్‌వేర్‌లోనైనా డేటాబేస్ పడిపోతుంది. ఫోన్ చేస్తే మనిషి వస్తాడన్నదే తేడా, అదీ ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) కట్టి ఉంటే.


లైబ్రరీ_మేడం | మంగళవారం, ఉదయం 11:05

రాత్రి ఇంటికెళ్లేటప్పటికి ఆలస్యమైంది, అందుకే రాయలేకపోయాను. డంప్ లోడ్ అయింది, స్కీమా అప్‌గ్రేడ్ అయింది. జీబ్రా రాత్రంతా నడవనిచ్చాను, పొద్దున వచ్చేటప్పటికి పూర్తయింది.

ముందుగా తెలుగు విభాగమే చూశాను. పేర్లన్నీ శుభ్రంగా ఉన్నాయి, వత్తులు, గుణింతాలతో సహా. హెక్స్ కూడా చూశాను, ఈ0బీ0, ఈ0బీ1 అనే వస్తోంది. తర్వాత కౌంటర్లో ఉన్న ఇష్యూ స్లిప్పులు కొన్ని తీసి సిస్టమ్‌తో సరిపోల్చాను, సరిగ్గా ఉన్నాయి. ఇవాళ్టి నుంచి నో డ్యూస్ మొదలుపెట్టాం. బయట పిల్లల లైను ఉంది, మధ్యలో వచ్చి ఇది రాస్తున్నాను.

ఒక్క అనుమానం మిగిలింది. వార్ చిన్నదే కదా, రోజూ బ్యాకప్ పడుతూ ఉంటే మళ్లీ నిండదా?


లైనక్స్_పాతకాపు | మంగళవారం, ఉదయం 11:30

చాలా సంతోషం మేడం. నిండే ప్రమాదం ఉంది, అందుకే వార్ సంగతి ఈ వారంలోనే చూసేయండి. సుడో ఎల్‌వీఎస్ అని కొట్టండి. పేర్లు ఏమైనా వస్తే ఎల్‌వీఎం, అంటే తర్వాత పెంచుకోగలిగే పార్టిషన్ల ఏర్పాటు, ఉన్నట్టు. అప్పుడు గ్రూప్‌లో ఖాళీ ఉంటే ఎల్‌వీఎక్స్‌టెండ్ -ఆర్ తో వార్‌ని పెంచుకోవచ్చు, సర్వర్ ఆపక్కర్లేదు. ఏమీ రాకపోతే హోమ్‌లో కోహా-బ్యాకప్ అని ఒక ఫోల్డర్ చేసి దాన్ని /వార్/స్పూల్/కోహా మీద బైండ్ మౌంట్ చేద్దాం, అంటే అక్కడ వేసిన ఫైళ్లు నిజానికి హోమ్‌లో పడతాయి. ఓనర్, పర్మిషన్లు పాత ఫోల్డర్‌కి ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏది ఎక్కడ మౌంట్ చేయాలో చెప్పే ఫైలు) రాయాల్సిన లైను నేను ఇస్తాను, దాంట్లో మాత్రం మీరు సొంతంగా ఏమీ మార్చకండి, తప్పు రాస్తే మెషిన్ బూట్ కాదు.


డీబీఏ_భాగ్యనగర్ | మంగళవారం, ఉదయం 11:41

దానితో పాటు, వారానికోసారి ఒక డంప్ ఆ మెషిన్ దాటి బయటికి వెళ్లాలి మేడం. ప్రిన్సిపాల్ గారి ఆఫీసు కంప్యూటర్ అయినా సరే. పాస్‌వర్డ్ పెట్టి జిప్ చేయండి, పిల్లల వివరాలు ఉంటాయి కాబట్టి. ఆ ఏజెన్సీ కాగితం మీద కూడా పెన్నుతో రాసిపెట్టండి: కాన్ఫిగ్ ఫైలు తెచ్చాక డేటాబేస్ యూజర్ పాస్‌వర్డ్ మార్చాలి, బ్యాకప్ ఫోల్డర్ వార్‌లో వేయకూడదు.


లైబ్రరీ_మేడం | మంగళవారం, మధ్యాహ్నం 1:10

కాగితం మీద రాశాను, తేదీ వేసి సంతకం కూడా పెట్టాను. ఎల్‌వీఎస్ కొడితే ఏమీ రాలేదు అన్నయ్య గారూ. అంటే బైండ్ మౌంటే. ఆ లైను ఇవ్వండి, సాయంత్రం నో డ్యూస్ అయ్యాక కౌంటర్ మూసి కూర్చుంటాను.